కరవని కుక్క వల్ల కూడా ఎముకలు విరుగుతాయి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పత్రికలో కుక్క కాట్ల మీద వచ్చే వార్తలు నేను వదలకుండా చదువుతాను. కరిచిన చోట వెంటనే సబ్బు పెట్టి పదిహేను నిమిషాల పాటు నీళ్లతో కడగాలని, రేబిస్ టీకా ఆలస్యం చేయకూడదని మీరు పదే పదే రాయడం వల్ల ఎంతోమందికి ఆ జాగ్రత్త తెలిసింది. అందుకు కృతజ్ఞతలు. ఈ ఉత్తరం రాస్తున్నది మాత్రం ఇంకో రకం దెబ్బల గురించి. వీటిలో కుక్క కరవదు, రక్కదు, దానికి కోపం కూడా ఉండదు. సంబరంగా మీదికి వస్తుంది, లేదా తాడు గుంజుతుంది, లేదా చీకట్లో దారికి అడ్డంగా పడుకుని ఉంటుంది. మనిషి పడిపోతాడు. మణికట్టో భుజమో తుంటో విరుగుతుంది. వీటి గురించి పేపర్లో నేనింతవరకు ఒక్క ముక్క చదవలేదు.

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. పడిన రోజు ఆ మనిషిని చూసేది ఎముకల డాక్టరు. కట్టు విప్పాక, అంటే ఇంట్లో అందరూ "ఇక తగ్గిపోయినట్టే" అనుకునే రోజున, నా దగ్గరికి వస్తారు. అక్కడి నుంచి నెలల తరబడి వాళ్లతో ఉండేది నేను. కాబట్టి పడడం గురించి కన్నా పడిన తర్వాత సంగతి నాకు బాగా తెలుసు. అదే చెప్పాలని ఈ ప్రయత్నం.

కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరినీ "ఎలా పడ్డారు?" అని అడుగుతాను. ఫైల్లో దాదాపు అందరికీ ఒకే మాట ఉంటుంది, "జారి పడ్డారు" అని. వాళ్లూ మొదట అదే చెప్తారు. "ఏం లేదమ్మా, కాలు జారింది" అంటారు. ఎక్కడ జారింది, అప్పుడు చేతిలో ఏముంది, పక్కన ఎవరున్నారు అని నెమ్మదిగా అడిగితే అప్పుడు అసలు మాట బయటికొస్తుంది. "మా టామీని తిప్పుతున్నా. పిల్లి కనబడేసరికి ఒక్క గుంజు గుంజింది." ఆ వెంటనే "పాపం, దాని తప్పేం లేదు మేడం" అని కూడా అంటారు. నిజమే, దాని తప్పు లేదు. చాలామంది ఆ సంగతి డాక్టరుకు చెప్పకపోవడానికి కారణం కూడా ఈ ప్రేమే. చెబితే ఇంట్లోవాళ్లు కుక్కను ఎక్కడికి పంపించేస్తారోనని భయం. అందువల్ల పడడానికి కారణం ఎక్కడా రాతలోకి ఎక్కదు. కారణం తెలియనిచోట జాగ్రత్త చెప్పేవాళ్లు ఉండరు. ఆ తాడు, ఆ దారి, ఆ చీకటి మళ్లీ అలాగే ఉంటాయి, మనిషి ఈసారి ఇంకా బలహీనంగా ఉంటాడు.

బట్టలు కుట్టి బతికే ఒకావిడ నా దగ్గరికి వచ్చేవారు. యాభై దాటిన మనిషి. నైలాన్ తాడును వేళ్లకు చుట్టుకుని కుక్కను నడిపించేవారు, చాలామంది అలాగే పట్టుకుంటారు. ఏదో గేటు లోపలి నుంచి ఇంకో కుక్క మొరగడంతో ఇది ఒక్కసారిగా అటు ఉరికింది. ఆవిడ కింద పడలేదు కూడా. తాడు బిగుసుకుని ఉంగరం వేలు, చిటికెన వేలు మెలితిరిగాయి. ఎక్స్‌రేలో ఉంగరం వేలి ఎముక అడ్డంగా కాకుండా ఏటవాలుగా, చుట్టు తిరిగినట్టు చీలి కనపడింది. మెలిపడిన ఎముక అలాగే విరుగుతుంది. సర్జన్ సన్నటి తీగలు వేసి సరిచేశారు. ఎముక చక్కగా అతికింది. ఆస్పత్రి లెక్కలో కేసు అక్కడితో అయిపోయింది.

ఆవిడను పిడికిలి బిగించమంటే బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు మూసుకునేవి. ఉంగరం వేలు సగంలో ఆగిపోయేది. చిటికెన వేలు వంగబోయి దాని మీదికి ఎక్కేది. వేలు విరిగినప్పుడు దాన్ని వంచే టెండాన్, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి భాగం, ఎముకకు అతుక్కుపోతుంది, వేళ్ల గాయాల్లో ఇది మామూలే. వేడి మైనంలో చెయ్యి ముంచి తీసి, మెత్తబడ్డాక వేలిని ఒక్కో కీలు దగ్గర పట్టుకుని వంచుతుంటే ఆవిడ గోడ వైపు తిరిగి పళ్లు బిగపట్టేవారు. కుట్టుపనివాళ్ల పెద్ద కత్తెరకు కింది రింగులో మూడు వేళ్లు దూర్చాలి. ఆ వంగని వేలు రింగు అంచుకు ఒరుసుకునేది. మందపాటి గుడ్డ కత్తిరించాలంటే చేతికి పట్టు వచ్చేది ఆ చివరి రెండు వేళ్ల నుంచే. ఇప్పుడు ఆవిడ కత్తిరింపు పని వేరేవాళ్లకు ఇచ్చేసి కుట్టు మాత్రం తాను చూసుకుంటున్నారు. వచ్చే డబ్బులో వాళ్లకు వాటా పోతోంది. చుట్టాలు మాత్రం "వేలేగా, అదృష్టవంతురాలివి" అంటారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మారిపోయేది. నాకైతే ఆ మాట అన్నవాళ్ల మీద కోపం వచ్చింది.

ఇది అరుదైన సంగతి కాదు. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ పరిశోధకులు 2023లో ఒక లెక్క ప్రచురించారు. 2001 నుంచి 2020 దాకా తాడు పట్టుకుని కుక్కను నడిపిస్తూ దెబ్బ తగిలి ఎమర్జెన్సీకి వచ్చిన పెద్దవాళ్లు ఆ ఒక్క దేశంలోనే 4 లక్షల 22 వేలకు పైగా ఉన్నారని అంచనా. ఇరవై ఏళ్లలో ఏటా వచ్చేవాళ్ల సంఖ్య నాలుగు రెట్లయింది. నలుగురిలో ముగ్గురు ఆడవాళ్లు. ఎక్కువగా కనపడినవి మూడు: వేలు విరగడం, తలకు దెబ్బ తగిలి మెదడు అదరడం, భుజం బెణకడం. 65 ఏళ్లు దాటినవాళ్లకు చిన్నవాళ్ల కన్నా పడిపోయే అవకాశం మూడు రెట్లకు పైగా, ఎముక విరిగే అవకాశం రెండు రెట్లకు పైగా ఉందని తేలింది. అంతకుముందు 2019లో పెన్సిల్వేనియా యూనివర్సిటీవాళ్లు 65 దాటినవాళ్ల మీదే చూశారు. కుక్కను నడిపిస్తూ ఎముక విరిగినవాళ్లు 2004లో 1,671 మంది ఉంటే 2017 నాటికి 4,396 మంది అయ్యారు. విరిగిన ఎముకల్లో అన్నిటికన్నా ఎక్కువ తుంటి.

నన్ను ఆలోచింపజేసింది ఆ అంకెల కన్నా అవి ఎలా దొరికాయన్నది. అక్కడ ఎంపిక చేసిన ఆస్పత్రుల ఎమర్జెన్సీల్లో గాయం ఎలా జరిగిందో రెండు మూడు వాక్యాలు రాసి ఒకచోట చేర్చే పద్ధతి ఉంది. "కుక్కను నడిపిస్తుండగా తాడు లాగడంతో పడ్డారు" అని ఎవరో ఒక నర్సు రాసిపెట్టింది కాబట్టి ఇరవై ఏళ్ల తర్వాత ఇంకెవరో లెక్క తీయగలిగారు. జబ్బులకు, గాయాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ఐసీడీ-10 కోడ్‌లలో కుక్క కరిచినా ఢీకొట్టినా ఒక కోడ్ ఉంది, డబ్ల్యూ54. కానీ ఇంట్లో కుక్కకు తట్టుకుని పడితే అది డబ్ల్యూ01లోకి, అంటే కాలు జారి, తట్టుకుని పడినవాళ్లందరి గుంపులోకి వెళ్తుంది. అక్కడ కుక్క మాయమైపోతుంది. నేల తడిగా ఉండి జారినవాళ్లకూ, కుక్క కాళ్లకు అడ్డం పడి బోర్లాపడినవాళ్లకూ తేడా ఉండదు. బండి మీద వెళ్తుంటే కుక్క వెంటపడటం వల్లో, హఠాత్తుగా అడ్డం రావడం వల్లో పడినవాళ్లు రోడ్డు ప్రమాదాల లెక్కలోకి పోతారు. నా దగ్గరికి వచ్చే కాలర్‌బోన్ (మెడ కింద నుంచి భుజం దాకా ఉండే ఎముక) విరుగుళ్లలో ఇవీ ఉంటాయి.

కుక్క లాగితే మనిషి ఎందుకంత సులువుగా పడతాడని కొందరు అడుగుతారు, ముప్ఫై కిలోల కుక్క అరవై కిలోల మనిషిని పడేస్తుందా అని. నడిచేటప్పుడు ఎక్కువసేపు మనం ఒంటికాలి మీదే ఉంటాం, ఒక పాదం నేల మీద, ఇంకోటి గాల్లో. సరిగ్గా ఆ క్షణంలో చాచిన చేతిని పక్కకి లాగితే నిలదొక్కుకోవడానికి రెండో కాలు అందదు. కుక్కకు నాలుగు కాళ్లున్నాయి, బరువంతా నేలకు దగ్గరగా ఉంటుంది, పైగా ఎటు ఉరకబోతోందో దానికి ముందే తెలుసు. మనకు తెలియదు. బటన్ నొక్కితే సాగే తాళ్లయితే మరీ ప్రమాదం. కుక్క కొన్ని మీటర్లు పరుగెత్తి వేగం అందుకున్నాక తాడు అయిపోతుంది, ఆ కుదుపంతా ఒక్కసారిగా భుజం మీద పడుతుంది.

ఆ కుదుపుకు భుజంలో ఎముక విరక్కపోవచ్చు. అసలు చిక్కు అక్కడే. భుజం చుట్టూ ఉండే రొటేటర్ కఫ్ అనే కండరాల చివర్లు నలభై దాటాక పలచబడుతూ ఉంటాయి. గట్టిగా గుంజితే చిరుగుతాయి. ఎక్స్‌రేలో అది కనపడదు. "ఎముకకేం కాలేదు, బెణికింది" అని నొప్పి మాత్రలిచ్చి పంపిస్తారు. మూడు నెలల తర్వాత ఆ మనిషి వచ్చి, ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతున్నానని, పై అరలో గిన్నె అందుకోలేకపోతున్నానని, తల దువ్వుకోవాలంటే మెడ వంచి చేతి దగ్గరికి తల తెచ్చుకోవాల్సి వస్తోందని చెప్తుంది. నొప్పికి భయపడి చెయ్యి కదపకపోవడం వల్ల అప్పటికి భుజం బిగుసుకుపోయి ఉంటుంది. ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. అది వదలడానికి ఏడాది నుంచి మూడేళ్ల దాకా పట్టొచ్చు. కుక్క లాగిన తర్వాత చెయ్యి పక్కకి ఎత్తలేకపోతుంటే, ఎక్స్‌రే బాగుందని ఊరుకోకుండా అల్ట్రాసౌండో ఎంఆర్ఐయో అవసరమేమో అడగండి.

మోకాలి సంగతి కూడా ఒక మాట. పార్కుల్లో కుక్కలు వదిలేసి ఆడిస్తారు. ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చి నిలబడి మాట్లాడుకుంటున్నవాళ్ల మోకాలికి పక్క నుంచి గుద్దుతాయి. మోకాలు ముందుకీ వెనక్కీ వంగడానికి ఉన్న కీలు, పక్క నుంచి వచ్చే బరువు తట్టుకోలేదు. ఎముకలను కలిపి ఉంచే పట్టీలు, అంటే లిగమెంట్లు, తెగుతాయి, కొందరికి కాలి ఎముక పైభాగం, అంటే మోకాలి బరువు మోసే చదును భాగం, కుంగిపోతుంది. ముప్ఫైల్లో ఉన్నవాళ్లకు కూడా ఇది జరుగుతుంది. ప్లేటు వేసి సరిచేసినా ఆ మోకాలికి అరుగుదల త్వరగా వస్తుంది. కుక్కలు పరుగులు తీస్తున్నప్పుడు వాటి వైపు తిరిగి, మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడితే ఈ దెబ్బ చాలావరకు తప్పుతుంది.

ఇక మా అమ్మ సంగతి. రాత్రి బాత్రూమ్‌కి లేచింది. మా కుక్క నల్లటిది, ఎప్పుడూ అమ్మ మంచం పక్కనే పడుకుంటుంది. ఆ రాత్రి గుమ్మం దగ్గర పడుకుంది. లైటు వేయడానికి స్విచ్ వైపు వెళ్తూ దానికి తట్టుకుంది. అది కంగారుగా లేచింది, అమ్మ పక్కకి ఒరిగిపోయింది. తుంటి దగ్గర, తొడ ఎముక గుండ్రటి తల కింద ఉండే సన్నటి భాగం విరిగింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2009లో ఇచ్చిన లెక్కలో కుక్కలూ పిల్లుల వల్ల పడి దెబ్బలు తగిలినవాళ్లు ఏడాదికి సగటున 86 వేల పైచిలుకు, అందులో నూటికి 88 కుక్కల వల్లే. కుక్క లాగడమో తోయడమో కన్నా, ఇలా కుక్కకు తట్టుకుని పడటమే అందులో ఎక్కువగా కనపడిన కారణం. ఆ లెక్క నాకు ముందే తెలుసు కానీ అమ్మ విషయంలో దాని అర్థం తెలిసింది.

ఆపరేషన్ బాగా జరిగింది. సగం కీలు మార్చారు. మర్నాడే వాకర్‌తో నిలబెట్టారు. ఈ వయసులో మంచం మీద ఉంచకూడదు, ఎందుకంటే కండరం కరిగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను పది రోజులు మంచం మీద ఉంచి చూస్తే కాళ్లలో ఇంచుమించు ఒక కిలో కండ పోయిందని 2007లో ఒక పరిశోధనలో చూపించారు. దెబ్బ తగలనివాళ్లకే అలా ఉంటే తగిలినవాళ్ల సంగతి చెప్పేదేముంది. తుంటి విరిగిన పెద్దవాళ్లలో నూటికి ఇరవై నుంచి ముప్ఫై మంది దాకా ఏడాది తిరగకుండా పోతారు. మిగిలినవాళ్లలో చాలామంది మునుపటి నడకకు రారు. ఆ సంఖ్యలు తెలిసిన కూతురిగా ఆస్పత్రి వరండాలో కూర్చోవడం ఎలా ఉంటుందో రాయలేను.

అమ్మ బతికింది, నడుస్తోంది. ఎక్స్‌రే చూసిన ప్రతి డాక్టరూ "చాలా బాగుంది" అన్నారు. కానీ ఇంట్లో మేం చూసింది వేరు. రాత్రి లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేసింది. మొదట్లో ఎవరికీ తెలియలేదు. గ్లాసు నింపి పెడితే పొద్దున్నకి అలాగే ఉండేది. నీళ్లు తాగకపోతే మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, లేచి నిలబడితే కళ్లు తిరగడం. కళ్లు తిరిగితే మళ్లీ పడే ప్రమాదం. పడతానన్న భయమే మళ్లీ పడేట్టు చేస్తుందన్నమాట. పగలు కూడా గుమ్మం దగ్గరికి రాగానే ఆగిపోతుంది. చేత్తో గుమ్మం పట్టుకుని, కుడి పాదం ముందుకు చాచి నేలంతా తడుముతుంది, అక్కడ మెత్తగా ఏదైనా తగులుతుందేమోనని. లైటు వెలుగుతున్నా, కుక్క ఎదురుగా వరండాలో కనపడుతున్నా అలాగే తడుముతుంది. తర్వాతే అడుగు వేస్తుంది.

ఈ భయం గురించి ఎవరూ మాట్లాడరు, నేను మాత్రం ఎముక కన్నా ముందు దీని గురించే అడుగుతాను. పడినవాళ్లలో చాలామంది బయటికి వెళ్లడం తగ్గిస్తారు. అడుగులు చిన్నవవుతాయి, నేల చూస్తూ, గోడ పట్టుకుంటూ నడుస్తారు. కదలిక తగ్గితే కాళ్లలో సత్తువ తగ్గుతుంది. "వయసైపోయింది, ఇంతే" అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. కింద పడిన రోజునే ముసలితనం ఒక్కసారిగా వచ్చెయ్యదు. నెల కిందటి దాకా కుక్కతో కిలోమీటరు నడిచి వచ్చిన మనిషి ఈ రోజు గది దాటడం లేదంటే దానికి కారణం వయసు కాదు. అది గాయంలో భాగం, దానికి వైద్యం ఉంది. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. పన్నెండు సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే మళ్లీ పడే ప్రమాదం ఉన్నట్టు. అలాంటివాళ్లకు కుర్చీలోంచి చేతులు ఊతం లేకుండా లేచి కూర్చోవడం, గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, ఒక కాలి మడమను ఇంకో కాలి వేళ్లకు ఆనిస్తూ సరళరేఖలో నడవడం లాంటివి ఒకరు పక్కన ఉండి నేర్పాలి. నెలల పాటు చేయాలి. కట్టు విప్పగానే ఫిజియోథెరపీ మానేసేవాళ్లే ఎక్కువ.

తలకు దెబ్బ తగిలినప్పుడు ఇంకో ప్రమాదం ఉంది, ఇది మాత్రం దయచేసి అందరూ గుర్తుపెట్టుకోండి. గుండె జబ్బుకో పక్షవాతానికో రక్తం పలచబడే మందులు వాడే పెద్దవాళ్లు కుక్క లాగి వెల్లకిలా పడి తల వెనక భాగం కొట్టుకుంటే, ఆ రోజు బాగానే ఉన్నా సరే ఆస్పత్రికి వెళ్లాలి. వయసు పైబడిన మెదడు మీది సన్నటి రక్తనాళాలు తెగి రక్తం బొట్టుబొట్టుగా వారాల తరబడి చేరుతుంది. మూడు నాలుగు వారాల తర్వాత మాట తడబడటం, ఒక కాలు ఈడ్చడం, మతిమరుపు, పగలంతా నిద్ర. ఇంట్లోవాళ్లు పాత దెబ్బను మర్చిపోయి మతిమరుపు జబ్బేమో అనుకుంటారు. ఒక పెద్దాయన నడక బాగోలేదని నా దగ్గరికి తీసుకొచ్చారు. ఎప్పుడైనా పడ్డారా అంటే లేదన్నారు కొడుకులు. ఆయన మనవరాలు, చిన్నపిల్ల, "కుక్కపిల్ల దూకితే తాతయ్య పడిపోయాడుగా" అంది. స్కాన్ తీస్తే రక్తం గడ్డ ఉంది. ఆపరేషన్ అయ్యాక ఆయన మామూలుగా నడిచారు. ఆ పిల్ల ఆ రోజు రాకపోతే ఏమయ్యేదో.

ఇంత చెప్పాక కుక్కను ఇంట్లో పెట్టుకోవద్దంటానేమో అనుకుంటారు. అనను. మా ఇంట్లో ఆ నల్లకుక్క ఇప్పటికీ ఉంది. కుక్క ఉన్న పెద్దవాళ్లు రోజూ నాలుగడుగులు వేస్తారు, పలకరించే మనుషులు దొరుకుతారు, పొద్దున లేవడానికి ఒక కారణం ఉంటుంది. పడిన తర్వాత కుక్కను ఎవరికో ఇచ్చేసిన ఇళ్లు నేను చూశాను. ఆ మనిషికి నడకా పోయింది, తోడూ పోయింది, అప్పటి నుంచి ఇంకా త్వరగా కుంగిపోయారు. కొడుకులూ కూతుళ్లూ తొందరపడి ఆ నిర్ణయం తీసుకోవద్దని నా విన్నపం. ముందు తాడు మార్చండి, దారి మార్చండి, తిప్పే మనిషిని మార్చండి.

అన్నిటికన్నా ఎక్కువ నా మనసులో ఉన్నది ఇంకోటి. చాలా ఇళ్లలో కుక్కపిల్లను ముచ్చటపడి తెచ్చేది పిల్లలు. ఏడాదికి వాళ్లు చదువుకో ఉద్యోగానికో వెళ్లిపోతారు. లాబ్రడార్ పిల్ల ఆ ఏడాదిలో ముప్ఫై కిలోలు అవుతుంది. అప్పుడు దాన్ని తిప్పేది మోకాళ్ల నొప్పులున్న అమ్మ, లేదా బీపీ మాత్రలు వేసుకునే నాన్న. ఎముకలు గుల్లబారే వయసు కూడా అదే. నెలసరి ఆగిన తర్వాత ఆడవాళ్లలో ఎముక సాంద్రత వేగంగా పడిపోతుంది. ఈ దెబ్బల్లో ఆడవాళ్లకు ఎముకలు ఎక్కువగా విరగడానికి ఇదొక కారణం కావచ్చు. కుక్కను ఇచ్చేవాళ్లు, అమ్మేవాళ్లు, మొదటి టీకా వేసే పశువైద్యులు ఒక్క ప్రశ్న అడగాలి: పెరిగి పెద్దదయ్యాక దీన్ని రోజూ నడిపించేది ఎవరు? ఆ మనిషిని ఒకసారి చూడాలి కూడా. ఆ మనిషికి ఎముక సాంద్రత పరీక్ష చేయించమని చెప్పాలి. తాడు లాగకుండా పక్కనే నడవడం కుక్కకు చిన్నప్పుడే నేర్పాలి. చిన్న తినుబండారం ఇస్తూ ఓపికగా నేర్పితే వచ్చేస్తుంది. పెద్దయ్యాక నేర్పడం కష్టమే కానీ అసాధ్యం కాదు.

తాడు విషయంలో నేను చెప్పేది ఇంతే. సాగని తాడు, రెండు మీటర్లకు మించనిది వాడండి. వేళ్లకూ మణికట్టుకూ చుట్టుకోవద్దు, నడుముకు కట్టుకోవద్దు. వదిలేయాల్సి వస్తే వదిలేయగలిగేలా అరచేతిలో మడతపెట్టి పట్టుకుని, రెండో చేత్తో కూడా ఆసరా ఇచ్చి, చేతులు పొట్ట దగ్గర ఉంచుకోండి. చెయ్యి చాచి ఉంటేనే భుజానికి దెబ్బ. మెడపట్టీ బదులు ఛాతీ ముందు కొక్కెం ఉండే హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీ) వేస్తే కుక్క లాగినప్పుడు అదే పక్కకి తిరిగిపోతుంది, జోరు తగ్గుతుంది. నడుస్తూ ఫోన్ చూడొద్దు. ఇంట్లో మంచం నుంచి బాత్రూమ్ దాకా చిన్న నైట్ లైట్ పెట్టండి, కుక్క మెడకు చిరుగంట కట్టండి, దాని పడకను దారికి దూరంగా గోడవారకు మార్చండి. మెట్ల దగ్గర అది ముందు దిగేదాకా ఆగండి, లేదా మీరు దిగేదాకా అది ఆగేలా అలవాటు చేయండి. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు.

కుక్క వల్ల పడినవాళ్లకు నా విన్నపం: డాక్టరు దగ్గర దాచొద్దు. "కుక్క లాగింది", "కుక్కకు తట్టుకున్నాను" అని ఉన్నదున్నట్టు చెప్పండి, ఫైల్లో రాయమని అడగండి. డాక్టర్లకు విన్నపం: తుంటి, మణికట్టు, భుజం, వేళ్ల గాయాలతో వచ్చినవాళ్లను ఇంట్లో కుక్క ఉందా అని ఒక్క మాట అడగండి. ఎమర్జెన్సీ చీటీలో ఆ ఒక్క లైను రాస్తే చాలు, తర్వాత చూసే మాలాంటివాళ్లకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

మీకు నా విన్నపం: కుక్క కాటు జాగ్రత్తలు వేసినప్పుడల్లా పక్కన దీనికీ కొంచెం చోటివ్వండి. పెద్దవాళ్లు ఇంట్లో చేసుకోగల బ్యాలెన్స్ వ్యాయామాలు బొమ్మలతో సహా రాసివ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. అక్షరాలు మాత్రం పెద్దవిగా వేయించండి, చదవాల్సినవాళ్లు అద్దాలు పెట్టుకునేవాళ్లు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక ఫిజియోథెరపిస్ట్